గిటారుకో చిన్న పెట్టె



పద్యాలు, ఛందస్సు, మా ప్రాంతపు పలుకుబడులు తప్ప వేరే సంగతులు సాధారణంగా ఇక్కడ ముచ్చటించను. ఇవాళ ఈ గిటారు గొడవ ఏమిటని మీకు ఆశ్చర్యం కలగవచ్చు. ముప్పైనాలుగేళ్లు పిల్లలకు సంధులూ సమాసాలూ చెప్పి, 2017లో పదవీ విరమణ చేసిన తెలుగు పండితుణ్ణి నేను. గిటారుకు ఎన్ని తంత్రులుంటాయో నిరుటి దసరా దాకా లెక్కపెట్టి చూసినవాణ్ణి కాను. అటువంటి నేను రెండు నెలలుగా రాత్రిళ్లు కళ్లద్దాలు తుడుచుకుంటూ ‘ఓవర్‌డ్రైవ్’కూ ‘డిస్టార్షన్’కూ భేదమేమిటో చదువుకుంటున్నాను. ఇందుకు కారకుడు మా మనవడు.

వాడు మా అమ్మాయి కొడుకు. పదిహేడేళ్లవాడు. కరీంనగర్‌లో మా దగ్గర ఉండి ఇంటర్మీడియట్ రెండవ సంవత్సరం చదువుతున్నాడు. తండ్రి దుబాయిలో ఉద్యోగం. తల్లి జగిత్యాల దగ్గరి పల్లెలో అత్తమామలను చూసుకుంటున్నది. వాడి మేనమామ, అంటే మా అబ్బాయి, తాను కాలేజీ రోజుల్లో కొనుక్కొని వదిలేసిన ఎలక్ట్రిక్ గిటారును వీడికి ఇచ్చిపోయాడు. దానితోపాటు ఒక స్పీకరు పెట్టె కూడా. ఆ పెట్టె నోరు తెరిస్తే వీధి చివరి టీకొట్టువాడు కూడా తల తిప్పి చూస్తాడు.

వాడు పొద్దున ఆరింటికి వెళితే ఇల్లు చేరేసరికి రాత్రి ఎనిమిది. భోజనం, కాసేపు చదువు అయ్యేసరికి తొమ్మిదిన్నర. వాడికి దొరికే సమయమల్లా అదే. మా ఇంటావిడకు గుండెకు చికిత్స జరిగి ఏడాదయింది, నిద్ర పలచన. పై వాటాలో అద్దెకుండే అమ్మాయి ఆసుపత్రిలో నర్సు, తెల్లవారుజామునే డ్యూటీకి వెళ్లాలి. ఇక ఆ స్పీకరు పెట్టె మాట తలపెట్టేందుకు వీలులేదు. పెట్టె లేకుండా వాయిస్తే ఎలక్ట్రిక్ గిటారు దాదాపు మూగది. చేటలో బియ్యపు రాళ్లు ఏరుతున్నంత చప్పుడు వస్తుంది, అంతే.

ఇంతలో అల్లుడి ఫోను. “మామా, పరీక్షలయ్యేదాక ఆ గిటారు అటక మీద పెట్టుండ్రి. మీరే సారు, మీకు నేను చెప్పాల్నా?” అన్నాడు. ఆ మాటలో దోషం లేదు. పరాయి దేశపు ఎండలో సంపాదించి పంపే తండ్రి ఇంకేమంటాడు? “సరే, చూస్తా” అన్నాను. కాని ‘అటక మీద పెట్టుండ్రి’ అన్న ముక్క నా మనసులో ముల్లులా దిగింది. ఎందుకో తరువాత చెబుతాను.

ఆ రాత్రి మనవడు నెమ్మదిగా నా మంచం దగ్గరికి వచ్చాడు. “తాతా, గిటారుకు పెట్టుకునే చిన్న ఎఫెక్ట్స్ పెట్టె ఉంటది. హెడ్‌ఫోన్ పెట్టుకొని వాయిస్తే ఎవ్వరికి ఇనపడది. రోజుకు ఒక్క గంట.” ‘ఒక్క గంట’ అన్నప్పుడు వాడి గొంతు భిక్ష అడుగుతున్నట్టుగా ఉంది. కొందామని వెంటనే అనలేదు. ‘ముందు అదేమిటో నాకు తెలియాలి’ అన్నాను. వృత్తి అలవాటు. అర్థం తెలియని పద్యాన్ని పిల్లలచేత ఒప్పచెప్పించలేను.

నాకు అర్థమైనంతవరకు విషయం ఇది. ఎలక్ట్రిక్ గిటారులో తంత్రుల కింద, సన్నని రాగితీగ వేల చుట్లు చుట్టిన అయస్కాంతాలుంటాయి. ఉక్కుతంత్రి కంపించినప్పుడు ఆ చుట్టలో అతి స్వల్పమైన విద్యుత్తు పుడుతుంది. దాన్ని పెద్దది చేసి స్పీకరుకు పంపితేనే నాదం. తంత్రికీ స్పీకరుకూ నడుమ దారిలో ఆ విద్యుత్తును ఏ తీరుగా మార్చితే ఆ తీరు నాదం చెవికి చేరుతుంది. ఈ నడిమి మార్పులకే ఎఫెక్టులని పేరు. నేను వాటిని అలంకారాలనుకున్నాను. వస్తువు తంత్రిది, అలంకారం పెట్టెది.

డిస్టార్షన్ అంటే అలల శిరస్సులను కోసివేయడం. కోసినచోట మూలస్వరంలో లేని ఉపస్వరాలు పుట్టి, నాదం గరగరలాడుతూ చిక్కబడుతుంది. ఇది వినగానే నాకు తంబూరా జ్ఞాపకం వచ్చింది. తంబూరా గుర్రం మీద తంత్రి కింద సన్నని నూలుపోగు జరిపి ‘జీవాళి’ తెప్పిస్తారు కదా, ఆ ఝంకారం కూడా ఉపస్వరాల సమృద్ధే. మార్గాలు వేరు గాని, ఫలితాలు చుట్టాలు. ఓవర్‌డ్రైవ్ అదే కోతను కాస్త మృదువుగా చేస్తుంది. ‘డిలే’ ధ్వనిని పట్టి ఉంచి, కొంత ఆలస్యంగా మళ్లీ పలికిస్తుంది. అది కొండ ఎదుట వేసిన కేక. ‘రివర్బ్’లో ప్రతిధ్వనులు ఒకదానిలో ఒకటి కలిసిపోయి విడిగా వినిపించవు. అది రాతి మండపంలో చదివిన మంత్రం. ‘కోరస్’ అంటే ఆ ధ్వనికే ఒక నకలు తీసి, రవంత ఆలస్యం చేసి, రవంత శ్రుతి ఊగించి, అసలుతో కలపడం. మా వాడలో శనివారపు భజన వింటే ఇది సులువుగా బోధపడుతుంది. పదిమంది ఒకే స్వరం పాడతారు, ఏ ఇద్దరిదీ ఒకటి కాదు. ‘కంప్రెసర్’ అయితే నాకు మరీ నచ్చింది. అది తరగతిలో అరిచేవాణ్ణి తగ్గించి, గొణిగేవాణ్ణి వినిపించేట్టు చేసే ఉపాధ్యాయుడు.

ఒకప్పుడు ఈ అలంకారాలు ఒక్కొక్కటి ఒక్కో పెట్టె. జపాను సంస్థ బాస్ వారి డీఎస్-1 అనే డిస్టార్షన్ పెట్టె 1978లో వచ్చింది. కాలితో నొక్కితే పని మొదలు, మళ్లీ నొక్కితే బంద్. ఇలాంటివి నాలుగైదు తీగలతో కలుపుకొని వాయించేవారు. 1982లో అమెరికాలో టామ్ షోల్జ్ అనే ఆయన ‘రాక్‌మన్’ అనే చిన్న పెట్టెను తెచ్చాడు. ఆయన బోస్టన్ అనే వాద్యబృందంలో గిటారిస్టు, చదువు రీత్యా ఇంజనీరు. దాన్ని నడుముకు తగిలించుకొని హెడ్‌ఫోనులో వాయించుకోవచ్చు. తరువాత 1990 ప్రాంతంలో జూమ్ అనే జపాను సంస్థ గిటారు పట్టీకి తగిలించుకొనే పెట్టెను అమ్మింది. మా మనవడు అడిగినది ఆ వంశంలో పుట్టినదే.

విద్యుత్తు సోకితే సంగీతం మైలపడుతుందనే పెద్దలు నా మిత్రుల్లో ఉన్నారు. వారికి నేను పాలకొల్లు చూపిస్తాను. అక్కడ 1969లో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్, నాలుగు జతల తంత్రులుండే మాండలిన్‌ను విడిచి, ఐదు విడితంత్రుల ఎలక్ట్రిక్ మాండలిన్ మీద కర్ణాటక సంగీతాన్ని పలికించాడు. మామూలు మాండలిన్ నాదం టక్కున పుట్టి టక్కున ఆరిపోతుంది. గమకానికి నాదం నిలవాలి. ఆ నిలుపును విద్యుత్తు ఇచ్చింది. 2014లో ఆయన అకాలంగా వెళ్లిపోయేనాటికి, ఇది విదేశీ వాద్యమన్న మాట ఎవరి నోటా లేదు.

ఇక ఎంపిక. నేను చూసినవి మూడు తెగలు. మొదటిది, గిటారు రంధ్రంలోనే గుచ్చుకొనేవి. వాక్స్ వారి ఆంప్లగ్, ఫెండర్ వారు 2021లో తెచ్చిన మస్టాంగ్ మైక్రో ఈ కోవలోవి. జేబులో పడతాయి, తీగల చిక్కు లేదు. కాని బొత్తాములు చిన్నవి, మీటలు కొద్ది. రెండవది, బల్ల మీదనో నేల మీదనో పెట్టుకొనే చిన్న మల్టీ ఎఫెక్ట్స్ పెట్టెలు. జూమ్ జి1 ఫోర్ వంటివి. నాలుగు పెన్సిల్ బ్యాటరీలతో నడుస్తుంది. అలంకారాలు, శ్రుతి చూపే మీటరు, తాళం వేసే డ్రమ్ములు అందులోనే ఉంటాయి. మూడవది, ఒక తీగ కొని ఫోనుకు తగిలించి, ఫోనులోని యాప్‌తో వాయించుకోవడం. అన్నిటికన్నా చవక ఇదే. కాని పరీక్షల ఏట రాత్రి పదింటికి పిల్లవాడి చేతికి ఫోనివ్వడమంటే పిల్లిని పాలగిన్నెకు కాపలా పెట్టడమే. మనవణ్ణి అడిగితే వాడే నవ్వి, “ఫోను వద్దు తాతా, నాకే నమ్మకం లేదు” అన్నాడు. ఆ నిజాయితీకి సగం డబ్బు అక్కడే మంజూరైంది.

చదివినకొద్దీ కొన్ని నియమాలు ఏర్పరచుకున్నాను. ఎవరికైనా ఉపయోగపడతాయని రాస్తున్నాను.

ఒకటి, హెడ్‌ఫోను తీగ ఉన్నదే కావాలి. మామూలు బ్లూటూత్ హెడ్‌ఫోనులో ధ్వని సెకనులో పదవ వంతు నుండి ఐదవ వంతు దాకా ఆలస్యంగా చేరవచ్చు. పాట వినడానికి ఫరవాలేదు, వాయించడానికి పనికిరాదు. నిమిషానికి అరవై దెబ్బల తాళంలో ఐదవ వంతు సెకను అంటే దెబ్బకూ దెబ్బకూ నడుమ ఐదవ పాలు. గాలిలో ధ్వని సెకనుకు సుమారు 343 మీటర్లు పోతుంది. కనుక ఇది దాదాపు డెబ్బై మీటర్ల దూరాన ఉన్నవాడు వాయిస్తుంటే విన్నట్టు. తన చేతి నాదం తనకే పొరుగువీధి నుండి వస్తే లయ ఎట్లా కుదురుతుంది?

రెండు, శ్రుతి చూపే మీటరు, తాళం వేసే సాధనం రెండూ అందులోనే ఉండాలి. గురువు పక్కన లేని విద్యార్థికి అవే గురువులు. మూడు, పాటను బయటినుండి లోపలికి పంపే రంధ్రం ఉంటే దానితో కలిసి వాయించుకోవచ్చు. నాలుగు, బ్యాటరీతో నడవాలి. కరెంటు మీదనైతే దానికి చెప్పిన అడాప్టరే వాడాలి. గిటారు పెట్టెల్లో చాలావాటికి తొమ్మిది వోల్టుల అడాప్టరు కావాలి, దాని సూది నడిమి భాగం ఋణధ్రువం. ఇళ్లలో మూల పడి ఉండే పాత అడాప్టర్లలో చాలావాటికి నడిమి భాగం ధనధ్రువం. సూది లావు సరిపోయింది కదా అని మా పాత రేడియోది గుచ్చబోయి మనవడిచేత మందలింపు తిన్నాను.

ఐదు, బొత్తాములు కొద్దిగా, కంటికి కనిపించేట్టుగా ఉండాలి. ఉన్న గంటలో అరగంట మెనూలు వెదకడానికి పోతే సాధన ఏమున్నది? ఆరవది మా ఇంటావిడ చేర్చింది. “చెవులు పోతయేమో అడుగుండ్రి” అన్నది. అడగనక్కరలేదు, ఉన్నమాటే. పెద్దవాళ్లకు ఎనభై డెసిబెళ్ల ధ్వని వారానికి నలభై గంటలు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. ధ్వని పెరిగినకొద్దీ ఆ గంటలు వేగంగా తరిగిపోతాయి. కనుక పక్కనుండి పిలిస్తే వినబడేటంత ధ్వనే పెట్టుకోవాలని ఒప్పందం.

ఒక ఆదివారం ఇద్దరం బస్సెక్కి సికింద్రాబాద్ జూబ్లీ బస్‌స్టేషన్‌లో దిగి, ఒక దుకాణానికి వెళ్లాము. గిటారు కూడా వెంట తీసుకుపోయాం. మన వాద్యంతోనే పరీక్షించాలని ఎక్కడో చదివాను. అమ్మకపు కుర్రవాడు మర్యాదస్తుడే. “అంకుల్, దీంట్ల వంద సౌండ్లున్నయ్, ఇంకోదాంట్ల రెండు వందలున్నయ్” అని మొదలుపెట్టాడు. మనవడు మీట తిప్పుతూ ఒక్కొక్కటే వాయిస్తున్నాడు. గర్జనలు, ప్రతిధ్వనులు, సముద్రఘోష. వాడి ముఖం వెలిగిపోతున్నది. నాకూ రెండో హెడ్‌ఫోను ఇచ్చారు. బాగానే ఉంది. నా మనవడు ఇంతవాడా అనుకున్నాను.

అప్పుడేదో తోచి, “అన్నీ తీసేసి, ఉత్త గిటారు ఒక్కసారి వినిపించు బిడ్డా” అన్నాను. వాడు మీట నొక్కి అన్నీ ఆపి వాయించాడు. అదే పాట. వేళ్లు ఒక పట్టునుండి ఇంకో పట్టుకు మారేచోట ప్రతిసారీ చిన్న ఖాళీ. ఒక తంత్రి సగం మూగబోతున్నది. లయ ముందుకు తోసుకుపోతున్నది. వాడి ముఖం చిన్నబోయింది. మూడోసారి ప్రయత్నించి ఆపాడు. “తాతా, అన్నీ తీస్తే నా తప్పులన్నీ ఇనపడుతున్నయ్” అన్నాడు.

డిస్టార్షన్, కంప్రెసర్ రెండూ బలహీనమైన మీటును బలమైనదానితో సమం చేస్తాయి. డిలే, రివర్బ్ ఖాళీలను పూడుస్తాయి. సాధనకు అవి ఎంత సుఖమో అంత శత్రువులు. పద్యం రాయడం నేర్చే పిల్లలతోనూ నాదిదే అనుభవం. యతి కుదరనివాడు మొదట పట్టుకునేది దీర్ఘసమాసాన్నే. కనుక మా చివరి నియమం దుకాణంలోనే పుట్టింది. ఒక్క నొక్కుతో అన్ని అలంకారాలూ ఆగిపోయే పెట్టె కావాలి. మొదటి ఇరవై నిమిషాలు ఉత్త గిటారు, తరువాత వాడి ఇష్టం. రెండు వందల సౌండ్లది వదిలి, కాలిమీట ఉన్న చిన్నది, బ్యాటరీలతో నడిచే రెండవ తెగ పెట్టెనే తెచ్చుకున్నాము. నేను పెట్టుకున్న హద్దు పదివేలు. ఆ లోపలే అయింది.

ఇప్పుడు ఆ ముల్లు సంగతి.

1986లో నేను ఉట్నూరు ప్రాంతంలో ఒక ఆశ్రమ పాఠశాలలో పనిచేసేవాణ్ణి. మార్లవాయి మాకు దూరం కాదు. 1940లలో హైమన్‌డార్ఫ్ దంపతులు అక్కడ ఉండి గోండు పిల్లలకు వారి భాషలోనే బడి పెట్టించారని మాకందరికీ తెలుసు. తెలిసీ మేము పాఠాలు తెలుగులోనే చెప్పేవాళ్లం. ఎనిమిదవ తరగతిలో ప్రధాన్ తెగ పిల్లవాడొకడుండేవాడు. ప్రధానులు గోండుల వంశగాథలు పాడేవారు. వారి వాద్యం కిక్రి, మూడు తంత్రుల కమాను వాద్యం. సెలవులకు వెళ్లి వస్తూ ఆ అబ్బాయి వాళ్ల నాయన కిక్రి వెంట తెచ్చుకున్నాడు. రాత్రి చదువు గంట అయ్యాక వసారా చివర కూర్చుని వాయించేవాడు.

వార్షిక పరీక్షలు దగ్గర పడుతున్నాయి. తోటి పిల్లలు ఫిర్యాదు చేశారు. ఆ వారం హాస్టలు పర్యవేక్షణ నాది. కిక్రిని తీసుకొని ఆఫీసు బీరువాలో పెట్టి తాళం వేశాను. “పరీక్షలయ్యాక ఇస్తా” అన్నాను. నేను కొట్టలేదు, తిట్టలేదు. వాడు ఎదురు మాట్లాడలేదు. ఆ ఆదివారం ఇంటికి వెళ్లినవాడు తిరిగి రాలేదు. ఒక్క వాద్యం కోసమే బడి మానేశాడని చెప్పలేను. ఇంట్లో ఏ కష్టముందో నాకు తెలియదు, నేను కనుక్కోనూ లేదు. నెల దాటాక తండ్రి వచ్చాడు. బీరువా తీసి కిక్రి చేతికిచ్చాను. తోలు మీది దుమ్మును తువ్వాలతో తుడిచి, తంత్రిని వేలితో ఒకసారి మీటి చూసుకున్నాడు. “వాయించకపోతే దీని గొంతు పోతది సారూ” అన్నాడు. అందులో కోపం లేదు. నాకు ఒక సంగతి చెప్పాడంతే. “పిల్లవాణ్ణి పంపు” అన్నాను. తల ఊపి వెళ్లాడు. వాడు రాలేదు.

అప్పుడు నాకు ఇరవై ఏడేళ్లు. నియమం పాటించాను, తప్పేమీ చేయలేదని సమాధానపడ్డాను. ఆ రాత్రి వాణ్ణి వసారా నుండి బావిగట్టు దగ్గరికి వెళ్లి వాయించుకొమ్మంటే సరిపోయేది. ఆ ఆలోచన రావడానికి నాకు దాదాపు నలభై ఏళ్లూ, ఒక మనవడూ కావలసి వచ్చారు.

పెట్టె కొన్న మర్నాడు అల్లుడికి నేనే ఫోను చేశాను. దాచి ఇవ్వడం నాకు ఇష్టం లేదు. “గిటారు అటక ఎక్కించలేదు. రోజూ తొమ్మిదిన్నర నుండి పదిన్నర దాకా, హెడ్‌ఫోన్‌లో. మార్కులు తగ్గితే తప్పు నాది” అన్నాను. అటునుండి చాలాసేపు మాట లేదు. “మీ ఇష్టం మామా” అని పెట్టేశాడు. అది సమ్మతి కాదని నాకు తెలుసు. వాడి ఆందోళన న్యాయమైనదే. ఫలితాలు వచ్చేదాకా నా గుండె కూడా కుదుటపడదు.

రాత్రి పక్కగదిలో వాడు వాయిస్తుంటే మాకు వినిపించేది ఉత్త తంత్రి చప్పుడే. మా ఇంటావిడ నిద్రపోతున్నది. పై వాటా అమ్మాయి నుండి ఇప్పటిదాకా మాట రాలేదు. నిన్న ఆ పట్టు మారేచోట ఖాళీ లేకుండా రెండుసార్లు వరుసగా వచ్చింది. హెడ్‌ఫోను తీసి నా వైపు చూశాడు. విన్నానని తల ఊపాను.

సాంకేతిక విషయాల్లో దోషాలుంటే అనుభవజ్ఞులు నిస్సంకోచంగా దిద్దవలసిందిగా మనవి. ఉట్నూరు, జైనూరు వైపు మిత్రులెవరైనా ఇది చదివితే ఇంకొక మనవి. ఆ అబ్బాయికి ఇప్పుడు యాభై దాటి ఉంటాయి. పేరు ఇక్కడ రాయడం భావ్యం కాదు. ఆ ఊళ్లలో కిక్రి వాయించే ఇళ్లు ఎక్కడెక్కడ ఉన్నాయో తెలిపితే చాలు, ఎండలు ముదరకముందే బస్సెక్కి వస్తాను.

సెలవు.